అమెరికాలో లాటినో పోలీసు అధికారుల పౌర భాగస్వామ్యం, సంస్మరణ

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో నగర పోలీసు, కౌంటీ షెరీఫ్, రాష్ట్ర హైవే గస్తీ, సమాఖ్య సరిహద్దు గస్తీ దళం మొదలైన విభాగాలలో పనిచేసే లాటిన్ అమెరికా సంతతివారిని లాటినో పోలీసు అధికారులు అని వ్యవహరిస్తారు. వీరిలో మెక్సికో, ప్యూర్టోరికో, క్యూబా, డొమినికన్ రిపబ్లిక్, మధ్య అమెరికా దేశాల మూలాలు గలవారు అధికం. 1950ల నుండి వీరు సొంత సంఘాలను ఏర్పరచుకొని నియామకాలు, పదోన్నతులు, వలస చట్టాలు, ఊరేగింపులు, విధి నిర్వహణలో మరణించిన సహచరుల సంస్మరణ వంటి విషయాల ద్వారా ప్రజాజీవితంలో పాల్గొంటున్నారు.

ఈ భాగస్వామ్యంలో ఒక చిక్కు ఉన్నది. లాటినో అధికారికి రెండు స్మృతులు వారసత్వంగా సంక్రమిస్తాయి. మొదటిది విధి నిర్వహణలో ప్రాణాలర్పించిన పోలీసుల స్మృతి. రెండవది పోలీసుల చేతిలో మరణించిన, అవమానింపబడిన తన సముదాయపు ప్రజల స్మృతి. మొదటిదానికి రాతి గోడలు, గౌరవ వందనం, సంస్మరణ దినం ఉన్నాయి. రెండవది చాలాకాలం పాటు కుటుంబాలలోను, పేటలలోను మాత్రమే నిలిచి ఉన్నది. ఈ రెండింటి మధ్య లాటినో అధికారులు తీసుకున్న వైఖరే వారి పౌర భాగస్వామ్య చరిత్రకు కేంద్రమని చెప్పవచ్చు.

పేరు, జనాభా

"హిస్పానిక్" అనే పదం స్పానిష్ భాషా మూలాలను, "లాటినో" అనే పదం లాటిన్ అమెరికా మూలాలను సూచిస్తాయి. వాడుకలో రెండింటినీ దాదాపు సమానార్థకాలుగా ఉపయోగిస్తారు. స్పానిష్ మూలాలు గల ప్రజల గణాంకాలను సేకరించాలని 1976లో అమెరికా కాంగ్రెసు చట్టం చేసింది. 2000 జనాభా లెక్కలలో ఈ వర్గం సంఖ్య 3 కోట్ల 53 లక్షలు కాగా, 2020 నాటికి 6 కోట్ల 21 లక్షలకు, అనగా మొత్తం జనాభాలో 18.7 శాతానికి చేరింది.

పోలీసు శాఖలలో వీరి సంఖ్య ఇంతకంటె నెమ్మదిగా పెరిగింది. అమెరికా న్యాయ గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం స్థానిక పోలీసు విభాగాలలో హిస్పానిక్ అధికారుల వాటా 1987లో 4.5 శాతం, 2016లో 12.5 శాతం. అయితే ఇది దేశవ్యాప్త సగటు మాత్రమే. లాస్ ఏంజెలెస్ నగర పోలీసు విభాగంలోను, సమాఖ్య సరిహద్దు గస్తీ దళంలోను దాదాపు సగం మంది లాటినోలే ఉన్నారు. అందుచేత ఈ విభాగాల విషయంలో చర్చ "లాటినోలకు ప్రవేశం దొరుకుతుందా" అనే దశను దాటి, "ప్రవేశించినవారు ఏమి చేస్తున్నారు" అనే దశకు చేరినది.

చారిత్రక నేపథ్యం

టెక్సాస్, కాలిఫోర్నియా, న్యూమెక్సికో ప్రాంతాలు 19వ శతాబ్దపు పూర్వార్ధంలో మెక్సికోలో భాగంగా ఉండేవి. అమెరికా పాలనలోకి వచ్చిన తరువాత అక్కడి మెక్సికన్ సంతతివారికి, పోలీసు బలగాలకు మధ్య సంబంధాలు తరచు ఘర్షణతో కూడి ఉండేవి. 1918 జనవరి 28న టెక్సాస్ సరిహద్దులోని పోర్వెనిర్ అనే పల్లెలో టెక్సాస్ రేంజర్లు, స్థానిక పశుపాలకులు కలసి మెక్సికన్ సంతతికి చెందిన 15 మంది పురుషులను, బాలురను కాల్చి చంపారు. రాష్ట్ర శాసనసభ సభ్యుడు హోసె టోమాస్ కనాలెస్ చొరవతో 1919లో రేంజర్లపై విచారణ జరిగింది. ఈ ఘటనకు అధికారిక చారిత్రక ఫలకం మాత్రం 2018లో గాని ఏర్పడలేదు. బాధితుల వారసులు నూరేళ్ళ పాటు ఆ కథను కుటుంబంలోనే చెప్పుకొంటూ వచ్చారు.

1951 డిసెంబరు 25న లాస్ ఏంజెలెస్‌లో పోలీసులు తమ అదుపులో ఉన్న ఏడుగురు యువకులను తీవ్రంగా కొట్టారు. వారిలో ఐదుగురు మెక్సికన్ అమెరికన్లు. "రక్తసిక్త క్రిస్మస్"గా పేరుపడిన ఈ కేసులో ఎనిమిది మంది అధికారులపై అభియోగాలు నమోదు కాగా ఐదుగురికి శిక్ష పడింది. 1970 ఆగస్టు 29న ఈస్ట్ లాస్ ఏంజెలెస్‌లో వియత్నాం యుద్ధానికి వ్యతిరేకంగా జరిగిన చికానో ప్రదర్శన రోజున ప్రముఖ పాత్రికేయుడు రూబెన్ సలజార్ షెరీఫ్ విభాగపు అధికారి ప్రయోగించిన బాష్పవాయు గోళం తగిలి మరణించాడు. ప్రదర్శన జరిగిన ఉద్యానవనానికి తరువాత ఆయన పేరే పెట్టారు. 2008లో ఆయన స్మారకార్థం తపాలా బిళ్ళ విడుదలయింది.

సంస్మరణ అనేది పౌరహక్కుల అంశంగా మారడం కూడా ఈ కాలంలోనే కనిపిస్తుంది. రెండవ ప్రపంచ యుద్ధంలో మరణించిన మెక్సికన్ అమెరికన్ సైనికుడు ఫెలిక్స్ లొంగోరియా భౌతికకాయాన్ని ఉంచడానికి 1949లో టెక్సాస్‌లోని త్రీ రివర్స్ పట్టణపు అంత్యక్రియల గృహం నిరాకరించింది. డాక్టర్ హెక్టర్ గార్సియా నాయకత్వంలోని అమెరికన్ జి.ఐ. ఫోరం ఆందోళన చేయగా, అప్పటి సెనేటర్ లిండన్ జాన్సన్ సహాయంతో ఆయనను ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానవాటికలో సైనిక లాంఛనాలతో ఖననం చేశారు. దేశం కోసం మరణించినవారికి దక్కే గౌరవంలో సమాన వాటా కోరడం సమాన పౌరసత్వం కోరడమేనని ఈ ఘటన చాటినది. తరువాతి కాలంలో పోలీసు ఉద్యోగాలలో చేరిన లాటినోలలో మాజీ సైనికులు గణనీయంగా ఉండడం వలన ఈ భావన వారికి కొత్తది కాదు.

సంఘాల ఆవిర్భావం

న్యూయార్క్ నగర పోలీసు విభాగంలోని లాటినో ఉద్యోగులు 1957లో హిస్పానిక్ సొసైటీని స్థాపించారు. ఉన్నతాధికారుల స్థాయిలో హిస్పానిక్ అమెరికన్ పోలీస్ కమాండ్ ఆఫీసర్స్ అసోసియేషన్ 1973లో ఏర్పడినది. కాలిఫోర్నియా రాష్ట్ర రాజధాని శాక్రమెంటోలో మొదలైన కృషి ఫలితంగా 1974లో ఏర్పడిన సంఘం తరువాత నేషనల్ లాటినో పీస్ ఆఫీసర్స్ అసోసియేషన్‌గా విస్తరించింది. లాటినో యువతను పోలీసు ఉద్యోగాలకు సిద్ధం చేయడం, పదోన్నతులలో వివక్షను ఎదుర్కోవడం, విద్యార్థి వేతనాలు ఇవ్వడం, ప్రజలకు పోలీసులకు మధ్య నమ్మకం పెంచడం ఇటువంటి సంఘాల ప్రధాన కార్యక్రమాలు.

ఈ సంఘాలు 1970లలో బలపడటానికి చట్టపరమైన కారణం ఉన్నది. 1972 నాటి సమాన ఉద్యోగావకాశాల చట్టం పౌరహక్కుల చట్టంలోని వివక్ష నిషేధాన్ని రాష్ట్ర, స్థానిక ప్రభుత్వ ఉద్యోగాలకు కూడా వర్తింపజేసింది. అంతకు ముందు కనీస ఎత్తు నిబంధనలు, వ్రాత పరీక్షలు మొదలైనవి లాటినోలను, మహిళలను పెద్ద సంఖ్యలో వడపోసేవి. చట్టం మారిన తరువాత ఈ నిబంధనలను న్యాయస్థానాలలో ప్రశ్నించడం సాధ్యమయింది.

సంఘాలకు, విభాగాలకు మధ్య వివాదం ఒక్కొక్కసారి ఊరేగింపు వద్దకు కూడా వచ్చింది. న్యూయార్క్ పోలీసు విభాగం తాను గుర్తించిన సంఘాల సభ్యులకు యూనిఫారంతో, సొంత పతాకంతో కవాతు చేయడానికి అనుమతి ఇచ్చేది. లాటినో ఆఫీసర్స్ అసోసియేషన్ అనే కొత్త సంఘానికి ఆ అనుమతిని నిరాకరించింది. ఇది వాక్‌స్వాతంత్ర్య హక్కుకు భంగమని సంఘం వాదించగా, 1999లో సమాఖ్య అప్పీలు న్యాయస్థానం సంఘానికి అనుకూలంగా వచ్చిన మధ్యంతర ఉత్తర్వును సమర్థించింది. అదే సంఘం జాతి వివక్ష, క్రమశిక్షణ చర్యలలో అసమానత గురించి వేసిన మరొక దావాను నగరం 2004లో సుమారు 2 కోట్ల 70 లక్షల డాలర్లతో పరిష్కరించుకొన్నది. యూనిఫారం ధరించి తమ జాతి పతాకం వెనుక నడవడం చిన్న విషయంగా తోచవచ్చు. కాని ఆ యూనిఫారాన్ని చూసి భయపడే పేటల గుండా నడిచేటప్పుడు "మేము ఇద్దరికీ చెందినవారము" అని చెప్పడానికి అధికారులకు ఉన్న మార్గాలలో అదొకటి.

సంస్మరణ సంప్రదాయాలు

భారతదేశంలో అక్టోబరు 21న పోలీసు సంస్మరణ దినం జరిపినట్లే అమెరికాలో మే 15న శాంతి పరిరక్షణ అధికారుల సంస్మరణ దినం జరుపుతారు. 1962లో అధ్యక్షుడు జాన్ కెన్నెడీ సంతకం చేసిన తీర్మానం ప్రకారం మే 15ను సంస్మరణ దినంగాను, ఆ తేదీ వచ్చే వారాన్ని పోలీసు వారంగాను నిర్ణయించారు. 1994లో చేసిన సవరణ వలన ఆ రోజున ప్రభుత్వ భవనాలపై జాతీయ పతాకాన్ని అవనతం చేస్తారు.

వాషింగ్టన్ నగరంలోని జ్యుడీషియరీ స్క్వేర్ వద్ద గల జాతీయ పోలీసు స్మారకాన్ని 1991 అక్టోబరు 15న అప్పటి అధ్యక్షుడు జార్జ్ హెచ్. డబ్ల్యు. బుష్ ప్రారంభించారు. వంపు తిరిగిన రెండు పొడవైన పాలరాతి గోడలపై 24,000కు పైగా పేర్లు చెక్కబడి ఉన్నాయి. ప్రతి సంవత్సరం వసంతకాలంలో కొత్త పేర్లు చేర్చి, మే 13 రాత్రి కొవ్వొత్తుల వెలుగులో వాటిని చదువుతారు. పేర్లు అక్షర క్రమంలో గాని, తేదీల క్రమంలో గాని ఉండవు. పేరు ప్రక్కన జాతి వివరమూ ఉండదు. ఈ సమానత్వమే స్మారకపు ప్రధాన భావన. అయితే గోడను చూసే లాటినో కుటుంబానికి గార్సియా, రామోస్, రివెరా వంటి ఇంటిపేర్లు ఎవరూ చెప్పకుండానే కనిపిస్తాయి.

అంత్యక్రియల పద్ధతి దేశమంతటా ఇంచుమించు ఒకే విధంగా ఉంటుంది. అధికారులు తమ బ్యాడ్జిపై నల్లని పట్టీ ధరిస్తారు. శవపేటికపై కప్పిన పతాకాన్ని మడిచి కుటుంబానికి అందజేస్తారు. చివరగా రేడియోలో మరణించిన అధికారి సంఖ్యను పిలుస్తారు. జవాబు రాదు. మరల పిలిచి, ఆ అధికారి విధి ముగిసినట్లు ప్రకటిస్తారు. దీనినే "చివరి పిలుపు" అంటారు.

దీనికి తోడుగా లాటినో కుటుంబాలలో సొంత ఆచారాలు ఉన్నాయి. కాథలిక్ ప్రార్థనలు, తొమ్మిది రోజుల జపమాల వీటిలో ముఖ్యమైనవి. మెక్సికన్ సంతతివారు నవంబరు 1, 2 తేదీలలో మృతుల దినం జరిపి, పోయినవారి చిత్రపటం ముందు దీపాలు, ఇష్టమైన వంటకాలు, బంతిపూలు ఉంచుతారు. తెలుగువారు గుమ్మాలకు తోరణాలుగా కట్టే బంతిపూల స్వస్థలం మెక్సికోయే. మృతుల దినపు ఆచారాలను యునెస్కో 2008లో మానవాళి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చినది.

న్యూయార్క్ ఉదాహరణలు

2014 డిసెంబరు 20న బ్రూక్లిన్‌లో గస్తీ కారులో కూర్చున్న రఫాయెల్ రామోస్, వెన్‌జియాన్ లియు అనే ఇద్దరు అధికారులను ఒక వ్యక్తి కాల్చి చంపాడు. పోలీసుల చేతిలో జరిగిన మరణాలకు ప్రతీకారంగా ఈ పని చేస్తున్నట్లు అతడు ముందుగా ప్రకటించాడు. రామోస్ ప్యూర్టోరికో సంతతివాడు, తన చర్చిలో సేవ చేసేవాడు. లియు చైనా నుండి వలస వచ్చినవాడు. రామోస్ అంత్యక్రియలు డిసెంబరు 27న క్వీన్స్‌లోని ఆయన చర్చిలో జరిగాయి. నగర మేయర్ బిల్ డి బ్లాసియో ప్రసంగం తెరపై వచ్చినపుడు వెలుపల ఉన్న అనేకమంది పోలీసులు వీపు త్రిప్పి నిలబడ్డారు. అంత్యక్రియల వేదిక రాజకీయ నిరసనకు వేదిక కావచ్చునా అనే చర్చ దీనితో తీవ్రమయింది. పోలీసులపై దాడుల సమాచారాన్ని దేశమంతటా వెంటనే పంపే వ్యవస్థకై 2015లో చేసిన సమాఖ్య చట్టానికి ఈ ఇద్దరి పేర్లు పెట్టారు.

2017 జూలై 5న బ్రాంక్స్‌లో పోలీసు వాహనంలో ఉన్న మియోసోటిస్ ఫమిలియా అనే అధికారిణి కాల్పులలో మరణించింది. డొమినికన్ సంతతికి చెందిన ఆమె ముగ్గురు పిల్లల తల్లి. 2022 జనవరి 21న హార్లెంలో ఒక తల్లి తన కుమారునితో తగాదా గురించి చేసిన ఫోనుకు స్పందించి వెళ్ళిన జేసన్ రివెరా, విల్బర్ట్ మోరా కాల్పులకు గురయ్యారు. 22 ఏళ్ళ రివెరా ఆ రాత్రే మరణించగా, 27 ఏళ్ళ మోరా నాలుగు రోజుల తరువాత మరణించాడు. మోరా అవయవాలు ఐదుగురికి దానం చేయబడినవి. ఇద్దరూ డొమినికన్ సంతతివారే. ఇద్దరి అంత్యక్రియలూ మన్‌హాటన్‌లోని సెయింట్ పాట్రిక్ కెథడ్రల్‌లో జరిగాయి.

రివెరా పోలీసు శిక్షణ కాలంలో వ్రాసిన ఒక లేఖ ఆయన మరణం తరువాత వెలుగులోకి వచ్చింది. చిన్నతనంలో తాను, తన అన్న ప్రయాణిస్తున్న టాక్సీని పోలీసులు ఆపి అన్నను సోదా చేసిన సంఘటనను ఆయన అందులో ప్రస్తావించాడు. తన పేటలో పోలీసులకు, ప్రజలకు మధ్య సంబంధాలు బాగుండేవి కావని, ఆ పరిస్థితిని మార్చాలనే కోరికతోనే ఉద్యోగంలో చేరానని పేర్కొన్నాడు. పైన చెప్పిన రెండు స్మృతులు ఒకే వ్యక్తిలో ఎలా కలుస్తాయో ఈ లేఖ తెలియజేస్తుంది. రివెరా అంత్యక్రియలలో ఆయన భార్య మన్‌హాటన్ ప్రాసిక్యూటర్ విధానాలను బహిరంగంగా విమర్శించింది. అనగా ఒకే మరణం నుండి పోలీసు సంస్కరణ కోరేవారూ, కఠినమైన శిక్షలు కోరేవారూ తమ తమ వాదనలకు బలం తెచ్చుకొన్నారు.

డల్లాస్: ఒకే నగరం, రెండు స్మృతులు

1973 జూలై 24న టెక్సాస్‌లోని డల్లాస్ నగరంలో సాంటోస్ రోడ్రిగెజ్ అనే 12 ఏళ్ళ బాలుడిని, 13 ఏళ్ళ అతని అన్నను పోలీసులు రాత్రివేళ ఇంటి నుండి తీసుకువెళ్ళారు. ఒక పెట్రోలు బంకులోని శీతల పానీయాల యంత్రం నుండి 8 డాలర్లు దొంగిలించారన్నది వారిపై అనుమానం. నేరం ఒప్పుకొమ్మని ఒక అధికారి తుపాకిని సాంటోస్ తలకు గురిపెట్టి కాల్చాడు. చేతులకు సంకెళ్ళతో పోలీసు కారులో కూర్చున్న బాలుడు మరణించాడు. దొరికిన వేలిముద్రలు ఆ సోదరులవి కావని తరువాత తేలింది. ఆ అధికారికి ఐదేళ్ళ శిక్ష పడగా, అందులో సుమారు సగం కాలమే జైలులో గడిపాడు.

2016 జూలై 7న అదే నగరంలో పోలీసు కాల్పులకు వ్యతిరేకంగా ప్రశాంతంగా జరుగుతున్న ప్రదర్శనకు రక్షణగా ఉన్న పోలీసులపై ఒక వ్యక్తి కాల్పులు జరిపాడు. మరణించిన ఐదుగురు అధికారులలో పాట్రీసియో జమరిపా ఒకడు. మెక్సికన్ సంతతికి చెందిన ఆయన నౌకాదళంలో పనిచేసి ఇరాక్ యుద్ధం నుండి తిరిగి వచ్చినవాడు. తమ శాఖను విమర్శించే ప్రదర్శకుల హక్కును కాపాడుతూ ఆయన, సహచరులు ప్రాణాలు కోల్పోయారు.

ప్యూర్టోరికోలో జన్మించిన ఎడ్డీ గార్సియా 2021లో డల్లాస్ పోలీసు అధిపతి అయ్యాడు. ఆ పదవి చేపట్టిన మొదటి లాటినో ఆయనే. అదే సంవత్సరం సాంటోస్ సంస్మరణ కార్యక్రమంలో అతని తల్లికి పోలీసు విభాగం తరఫున క్షమాపణ చెప్పాడు. హత్య జరిగి అప్పటికి 48 సంవత్సరాలు. 2022లో పైక్ పార్కులో సాంటోస్ విగ్రహం ఆవిష్కరింపబడినది. యూనిఫారంలో ఉన్న అధికారి పోలీసు చేతిలో చనిపోయిన బాలుని స్మరించడం వలన 2016లో చనిపోయిన ఐదుగురి గౌరవం తగ్గలేదు. ఒక స్మృతిని అంగీకరించడం రెండవదానికి ద్రోహం కాదని డల్లాస్ అనుభవం తెలుపుతున్నది.

వలస చట్టాలు, పౌర భాగస్వామ్యం

లాటినో అధికారుల పౌర భాగస్వామ్యం అన్నిటికంటె ఎక్కువగా పరీక్షకు గురయ్యేది వలస చట్టాల విషయంలో. స్థానిక పోలీసులు సమాఖ్య ప్రభుత్వంతో ఒప్పందం చేసుకొని వలస చట్టాలను అమలుచేయడానికి 1996 నాటి చట్టంలోని 287(జి) నిబంధన అవకాశం కల్పించినది. 2010లో ఆరిజోనా రాష్ట్రం పోలీసులు ఆపిన వ్యక్తుల వలస పత్రాలను పరిశీలించాలనే చట్టం చేయగా, టక్సన్ నగరానికి చెందిన ఒక లాటినో పోలీసు అధికారి దానిపై న్యాయస్థానాన్ని ఆశ్రయించాడు. ఆ దావా విచారణార్హం కాదని కొట్టివేయబడినది. 2012లో సుప్రీంకోర్టు ఆ చట్టంలోని మూడు నిబంధనలను రద్దుచేసి, పత్రాల పరిశీలన నిబంధనను నిలిపి ఉంచింది.

క్యూబాలో జన్మించిన ఆర్ట్ అసెవేడో 2016 నుండి 2021 వరకు హ్యూస్టన్ పోలీసు అధిపతిగా పనిచేశాడు. 2017 మొదటి మూడు నెలలలో నగరంలోని హిస్పానిక్‌ల నుండి వచ్చిన అత్యాచార ఫిర్యాదులు అంతకు ముందు సంవత్సరం అదే కాలంతో పోలిస్తే 42.8 శాతం తగ్గాయని, వలస అధికారుల భయమే దీనికి కారణమని ఆయన ప్రకటించాడు. మూడు నెలల లెక్కలతో కారణాన్ని నిర్ధారించడం కష్టమే. కాని బాధితులు పోలీసు స్టేషనుకు రావడానికి భయపడితే నేరస్థుడు స్వేచ్ఛగా తిరుగుతాడనే ఆయన వాదన టెక్సాస్ చర్చలలో ముఖ్యస్థానం పొందింది. హ్యూస్టన్ ఉన్న హారిస్ కౌంటీ షెరీఫ్ ఎడ్ గొంజాలెజ్ 2017లో 287(జి) ఒప్పందాన్ని విరమించాడు. 2005 నుండి 2017 వరకు డల్లాస్ కౌంటీ షెరీఫ్‌గా ఉన్న లూపె వాల్డెజ్ 2018లో డెమోక్రటిక్ పార్టీ తరఫున టెక్సాస్ గవర్నరు పదవికి పోటీచేసి ఓడిపోయింది.

దీనికి విరుద్ధమైన అభిప్రాయం గల లాటినో అధికారులూ అనేకులు ఉన్నారు. సరిహద్దు గస్తీ దళంలో చేరినవారికి అది సరిహద్దు పట్టణాలలో స్థిరమైన జీతం ఇచ్చే ఉద్యోగం, చట్టబద్ధమైన సేవ. 2025లో సమాఖ్య ప్రభుత్వం వలస చట్టాల అమలును ముమ్మరం చేయడంతో 287(జి) ఒప్పందాల సంఖ్య వేగంగా పెరిగింది. దీనితో లాటినో అధికారులు తమ బంధువులు, ఇరుగుపొరుగువారి మధ్య ఎదుర్కొనే ప్రశ్నలు మరింత కఠినమయ్యాయి.

విమర్శలు

లాటినో అధికారుల సంఖ్య పెరిగినంత మాత్రాన పోలీసు వ్యవస్థ మారదనే విమర్శ ఉన్నది. 2022 మే 24న టెక్సాస్‌లోని ఉవాల్డేలో ఒక ప్రాథమిక పాఠశాలలో 19 మంది పిల్లలు, ఇద్దరు ఉపాధ్యాయులు కాల్పులలో మరణించారు. అక్కడికి చేరిన వివిధ విభాగాల అధికారులు 376 మంది. అయినను ముష్కరుని ఎదుర్కోవడానికి 77 నిమిషాలు పట్టింది. పట్టణ ప్రజలలో అధికులు లాటినోలే, వచ్చిన అధికారులలోనూ అనేకులు లాటినోలే. ఈ వైఫల్యాన్ని 2024 జనవరిలో అమెరికా న్యాయశాఖ నివేదిక వివరంగా నమోదు చేసింది. భాష, సంస్కృతి ఒకటైనా శిక్షణ, నాయకత్వం, జవాబుదారీతనం లేకపోతే ప్రజలకు రక్షణ దొరకదని ఉవాల్డే నిరూపించింది.

ఉన్నత పదవుల విషయంలోనూ ఇదే గమనించవచ్చు. 2023 జూలైలో ఎడ్వర్డ్ కబాన్ న్యూయార్క్ పోలీసు కమిషనరుగా నియమింపబడిన మొదటి లాటినో అయ్యాడు. సమాఖ్య దర్యాప్తు నేపథ్యంలో 2024 సెప్టెంబరులో రాజీనామా చేశాడు. మొదటివాడు కావడం ఒక సముదాయానికి గర్వకారణమే గాని, అది పనితీరుకు హామీ కాదు.

అంచనా

పోలీసు స్మారకాల గోడపై పేరు చేరడానికి మరణించినవారి జాతిని ఎవరూ అడగరు. బ్రతికి ఉన్న అధికారి పరిస్థితి వేరు. పేటలోని ప్రజలు అతని యూనిఫారాన్ని ముందుగా చూస్తారు, విభాగంలోని కొందరు అతని ఇంటిపేరును ముందుగా చూస్తారు. లాటినో అధికారుల సంఘాలు గడచిన ఏడు దశాబ్దాలలో ఉద్యోగాలు, పదోన్నతులు, కవాతు చేసే హక్కు సాధించాయి. స్మృతుల విషయంలో మాత్రం వారి పని ఇంకా పూర్తి కాలేదు. రివెరా లేఖ, డల్లాస్ క్షమాపణ చూపినట్లు, సహచరుల మరణాన్ని స్మరించే అధికారి తన పేట మరణాలను కూడా అదే గౌరవంతో స్మరించినపుడు ప్రజలకు ఆ సంస్మరణపై నమ్మకం కలుగుతుంది. ఒకదానిని మాత్రమే స్మరిస్తే రెండవది ఇళ్ళలో మౌనంగా పెరుగుతూనే ఉంటుందని పోర్వెనిర్ నుండి ఉవాల్డే వరకు గల చరిత్ర తెలియజేస్తున్నది.